బహూ పేరున రాయని హిసాబ్: జపాన్ తారీఖ్ నుంచి కొన్ని పేజీలు

1922లో హైదరాబాద్ రియాసత్ నుంచి ఒక అఫ్సర్ జపాన్ వెళ్లాడు. పేరు రాస్ మసూద్. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు, నిజాం హుకూమత్‌లో తాలీమ్ మహకమాకు పెద్ద. ఉస్మానియా యూనివర్సిటీ పుట్టి అప్పటికి నాలుగేళ్లు. ఉర్దూలో సైన్సు చెప్పడం సాధ్యమేనా అని ఇంగ్లిష్ చదివిన పెద్దలు నవ్వుతున్న రోజులు. తన సొంత జబాన్‌లోనే అన్ని ఇల్మ్‌లూ నేర్పి ఎదిగిన జపాన్‌ను కళ్లారా చూసి రమ్మని రియాసత్ ఆయన్ని పంపింది. ఆయన తిరిగొచ్చి రాసిన రిపోర్ట్ 1923లో కితాబ్‌గా అచ్చయింది. ఉర్దూ మీడియం బెంచీల మీద కూర్చుని చదువుకున్న నాలాంటి వాళ్లకు ఆ సఫర్ అంటే కొంచెం ఎక్కువ మొహబ్బత్.

వందేళ్ల తర్వాత అదే ముల్క్ వైపు ఇంకో పని మీద చూడాల్సి వస్తోంది. ఈసారి మదర్సాల సంగతి కాదు, మన ఇళ్లల్లో మంచం మీద కూర్చుని సొంత కొడుకుని "మీరెవరు భాయ్?" అని అడుగుతున్న బుజుర్గుల సంగతి. ఆ బీమారీ పేరు డిమెన్షియా. అది వచ్చిన ఇంట్లో ఖర్చు ఎలా పెరుగుతుందో, దాన్ని ఎవరు మోయాలో అనే బహస్ జపాన్‌లో యాభై ఏళ్లుగా నడుస్తోంది. నవలల్లో, పార్లమెంటులో, చివరికి సుప్రీంకోర్టులో కూడా నడిచింది. మనం ఇప్పుడిప్పుడే ఆ గుమ్మం ముందు నిలబడ్డాం.

ముందు మన సంగతి కాస్త. ఉర్దూలో ఒక ముహావరా ఉంది: "సఠియా గయే". అరవై దాటారు, అఖల్ పోయింది అని. తెలుగులో "చాదస్తం" అంటాం. రెండు మాటల్లోనూ సగం నవ్వు, సగం విసుగు ఉంటాయి, బీమారీ అన్న ధ్యాస మాత్రం ఉండదు. అలాగని మనవాళ్లకు ఈ హాలత్ తెలియదా అంటే, బాగా తెలుసు. ఖురాన్‌లో "అర్జలుల్ ఉమ్ర్" అన్న మాట వచ్చే చోట ఉలమాలు చెప్పేది ఇదే: అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే ఉమర్. ఆ ఉమర్ నుంచి పనాహ్ అడిగే దువా హదీసుల్లో ఉంది. తెలియంది ఒక్కటే, దాని హిసాబ్.

ఈ బీమారీలో అసలు ఖర్చు దవాలది కాదు. ఉన్న గోలీలు కొన్నే. అవి బీమారీని పోగొట్టవు, కొందరిలో కొంతకాలం లక్షణాలను తగ్గిస్తాయి, అంతే. అసలు ఖర్చు మనిషి వఖ్త్‌ది. స్నానం చేయించాలి. బట్టలు మార్చాలి. నాష్తా చేసిన పది నిమిషాలకే "నాకు తిండి పెట్టలేదు" అంటే జవాబు చెప్పాలి. అర్ధరాత్రి గొళ్లెం తీసుకుని వీధిలోకి వెళితే వెతకాలి. ఇది నెలా రెండు నెలల పని కాదు, ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ పని ఎవరు చేస్తున్నారని ఏ ఘరానాలో అడిగినా "అందరం చూసుకుంటున్నాం" అంటారు. కాసేపు కూర్చుని చూస్తే ఆ "అందరం" అంటే బహూ అని తెలుస్తుంది. లేదంటే పెళ్లి కాని బేటీ, లేదంటే డెబ్బై ఏళ్ల బీవీ. ఆమె వదిలేసిన ఉద్యోగం, మానేసిన కుట్టుపని, తన సొంత మోకాళ్ల నొప్పి ఏ ఖాతాలోనూ ఎక్కవు.

పాత రోజుల్లో ముస్లిం షహర్‌లు బీమార్ల ఖర్చుకు ఒక జవాబు కనిపెట్టాయి. అదే వక్ఫ్. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మారిస్తాన్‌లో మర్దులకూ ఔరతులకూ వేరు వేరు వార్డులు, మనసు చెదిరిన వాళ్లకు విడిగా చోటు ఉండేవి. ఖర్చంతా వక్ఫ్ చేసిన జాయిదాద్‌ల ఆమ్దనీ నుంచి వచ్చేది. మన హైదరాబాద్‌లో దారుల్‌షిఫా మొహల్లా పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కదా. ముహమ్మద్ కులీ కుతుబ్ షా షహర్ కట్టిన తొలి ఏళ్లలోనే, 1595 ప్రాంతంలో, అక్కడ రెండంతస్తుల యునానీ దవాఖానా లేచింది. నాలుగు వందల మంది దాకా రోగులకు చోటుండేదంటారు. షహర్ పుట్టిన కొద్ది ఏళ్లకే దవాఖానా కట్టిన ఖౌమ్ మనది, ఫఖ్ర్ ఉండాల్సిందే. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. దవాఖానా అంటే నయమై ఇంటికి వెళ్లే చోటు. నయం కాని, ఏళ్ల తరబడి సాగే మరుపు ఎప్పుడూ ఇంటి లోపలి వ్యవహారంగానే ఉండిపోయింది. ఎనభై దాటి బతికేవాళ్లు తక్కువ కాబట్టి అది చెల్లిపోయింది.

జపాన్‌లోనూ అంతే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1947లో అక్కడి మర్దుల సగటు ఆయువు 50, ఔరతులది 54. ఇప్పుడు 81, 87. ఒక్క తరం నిడివిలో ముప్పై ఏళ్లు కలిశాయి. అల్లాహ్ ఇచ్చిన ఉమర్ నేమతే, కానీ దాన్ని మోయడానికి ఇల్లు మాత్రం పాతదే మిగిలింది.

ఆ పాత ఇంట్లో పెద్ద కొడుకు భార్యను "యోమె" అంటారు. మన బహూయే. పెద్ద కొడుక్కే ఇల్లూ పొలమూ, అతని యోమెకే అత్తమామల ఖిద్మత్. యుద్ధం తర్వాత 1947లో సివిల్ కానూన్ మార్చి ఆ ఖాందానీ పద్ధతిని రద్దు చేశారు, ఆస్తిలో సంతానానికి సమాన హక్కులిచ్చారు. హక్కు నలుగురికీ పంచారు గానీ ఖిద్మత్ మాత్రం యోమె దగ్గరే ఉండిపోయింది. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు మన మొహల్లాలే కళ్ల ముందు మెదిలాయి.

ఇక్కడ ఒక గావ్ కథ చెప్పాలి. ఇవాతె జిల్లాలో సవౌచి అని మంచు కొండల మధ్య ఒక గరీబ్ గ్రామం. చలికాలం దారులు మూసుకుపోతే డాక్టర్ మొహం చూడకుండానే ముసలివాళ్లు పోయేవాళ్లు. ఫుకజావా మసావో అనే సర్పంచ్ 1960లో 65 దాటిన వాళ్లందరికీ వైద్యం ముఫ్త్ అని ప్రకటించాడు. మరుసటి ఏడే దాన్ని 60కి దించాడు, చంటిపిల్లలకూ ఇచ్చాడు. పైనుంచి కానూన్ ఒప్పుకోదన్నారు. ఆయన వినలేదు. 1962లో ఆ గ్రామంలో ఒక్క శిశువు కూడా చనిపోలేదు. ఆ మిసాల్ చూసి టోక్యో 1969లో బుజుర్గులకు ముఫ్త్ వైద్యం మొదలుపెట్టింది. తర్వాత దేశమంతా పాకింది. హుకూమత్‌ను కదిలించింది మంచులో కూరుకుపోయిన ఒక చిన్న పంచాయతీ.

1972లో అరియోషి సవాకో అనే రచయిత్రి "కోకోత్సు నో హితో" అని ఒక నవల రాసింది. ఆఫీసులో పనిచేసే ఒక కోడలు, మతి తప్పుతున్న మామగారు. జీవితమంతా తనను సూటిపోటి మాటలతో పొడిచిన ఆ ముసలాయనకు ఇప్పుడు ఈ కోడలు గుర్తుంది, సొంత కొడుకుని చూస్తే మాత్రం దొంగ అనుకుంటాడు. ఆ ఏడాదే పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడు సినిమా వచ్చింది. ప్రతి ఇంట్లో పర్దా వెనక జరుగుతున్నది బజార్‌లోకి వచ్చేసరికి, షర్మ్ వల్ల నోరు విప్పని లక్షలాది ఔరతులు "మా ఇంట్లోనూ ఇంతే" అనడం మొదలుపెట్టారు. ఏ సర్వే రిపోర్టూ చేయలేని పని ఒక నవల చేసింది. తెలుగులో, ఉర్దూలో ఇన్ని అఫ్సానాలు రాస్తున్నాం కదా, మన బహూ కథ ఎవరైనా ఈ కోణంలో రాస్తే బాగుండు.

హుకూమత్ 1973లో కదిలింది. 70 దాటిన వాళ్లందరికీ దేశమంతటా వైద్యం ముఫ్త్. ఆ ఏడాదికి "సంక్షేమానికి తొలి సంవత్సరం" అని పేరు పెట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో అరబ్ దేశాలు చమురు బిగించాయి, ఖజానా లోటులో పడింది. పైగా ముఫ్త్ అయింది దవాఖానా మాత్రమే, ఇంట్లో చేయూత కాదు. అందువల్ల ఏం జరిగిందంటే, బీమారీ కన్నా చూసుకునే మనిషి లేకపోవడమే కష్టంగా ఉన్న బుజుర్గుల్ని ఖాందాన్‌లు దవాఖానాలో చేర్చి వదిలేశాయి. నెలలు, ఏళ్లు. దానికి జపాన్‌లో ఒక పేరే పుట్టింది, "సామాజిక అడ్మిషన్" అని. మంచాల మీద పడి ఉండి ఉండి నడవగలిగిన వాళ్లు కూడా నడక మర్చిపోయారు. దవాఖానా వరండాలు ముసలివాళ్ల అడ్డాలయ్యాయి. అప్పట్లో ఒక లతీఫా: "ఇవాళ ఫలానా ఆయన దవాఖానాకు రాలేదేం?" "పాపం, ఒంట్లో బాగా లేదట!" నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు వెనక పెద్ద హిసాబ్ ఉంది. వృద్ధాశ్రమంలో చేర్చితే ఇజ్జత్ పోతుంది, దవాఖానాలో చేర్చితే పోదు. మొదటిది ఖరీదు, రెండోది ముఫ్త్. మనుషులు ఏది ఎంచుకుంటారో వేరే చెప్పాలా? 1983 నుంచి బుజుర్గుల దగ్గర కూడా కొద్దిపాటి రఖమ్ తీసుకోవడం మొదలైంది. ముఫ్త్ జమానా పదేళ్లలో ముగిసింది.

ఈలోగా 1980 జనవరిలో క్యోటోలో ఇలాంటి బుజుర్గుల్ని చూసుకుంటున్న కుటుంబాల వాళ్లు కొందరు కలిసి ఒక అంజుమన్ పెట్టుకున్నారు. కలిసి కూర్చుని ఏడవడానికే మొదలైందన్నా తప్పులేదు. మెల్లగా దేశమంతా శాఖలు పెరిగి, హుకూమత్‌కు మెమోరాండంలు ఇచ్చే స్థాయికి ఎదిగింది. 1983లో హిగుచి కేయికో అనే రచయిత్రి నాయకత్వంలో వృద్ధ సమాజాన్ని బాగు చేయాలనే ఔరతుల సంఘం పుట్టింది. ముసలివాళ్ల సమస్య అంటే ఔరతుల సమస్య అని ఆమె కుండబద్దలు కొట్టింది. చూసేదీ ఔరతే, ఎక్కువ కాలం బతికి చివరికి చూసే దిక్కులేకుండా మిగిలేదీ ఔరతే అని.

పైసలు ఎక్కడివన్న సవాల్ మాత్రం అలాగే ఉంది. 1989లో మొదటిసారి అమ్మకం పన్ను 3 శాతం వేశారు, జనం మండిపడ్డారు. ఆ ఏడాది చివర్లో బుజుర్గుల కోసం పదేళ్ల "గోల్డ్ ప్లాన్" ప్రకటించారు. 1994 ఫిబ్రవరిలో ప్రధాని హొసొకావా అర్ధరాత్రి దాటాక ప్రెస్ వాళ్లను పిలిచి, 7 శాతం "జాతీయ సంక్షేమ పన్ను" వేస్తున్నామన్నాడు. సొంత కూటమిలోనే సరైన చర్చ జరగలేదు. గోల మొదలైంది, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. అర్ధరాత్రి ఎలాన్‌ల గతి ఎక్కడైనా ఒకటే.

పన్ను దారి మూసుకుపోయాక బీమా దారి తెరుచుకుంది. జర్మనీ 1995లో బుజుర్గుల సంరక్షణకు విడిగా బీమా తెచ్చింది. జపాన్ అఫ్సర్లు దాన్ని చదివారు. అయితే ఒక చోట జర్మనీ దారిన పోలేదు, నా లెక్కలో ఈ తారీఖ్ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు అది. జర్మనీలో ఇంట్లో చూసుకునే వాళ్లకు నగదు తీసుకునే వీలుంది. జపాన్‌లోనూ అలాగే ఇద్దామని చాలామంది అన్నారు. వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంది కదా, కోడలు పని చేస్తోంది, కోడలికి పైసలు. ఔరతుల సంఘాలే అడ్డుపడ్డాయి. ఆ నగదు కోడలి చేతికి రాదు, ఇంటి పెద్ద చేతికి వెళుతుంది. "పైసలు వస్తున్నాయిగా, నువ్వే చూడు" అని ఆమెను ఇంకా గట్టిగా కట్టేస్తారు. మాకు పైసలొద్దు, మనుషుల్ని పంపండి. ఇదీ వాళ్ల దలీల్. అదే గెలిచింది.

1997 డిసెంబర్‌లో కానూన్ పాసైంది, 2000 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దానికి కొన్ని నెలల ముందు, పాలక పార్టీ పెద్ద కమెయి షిజుకా లేచి, తల్లిదండ్రుల్ని పిల్లలు చూసుకోవడం జపాన్ అందమైన రివాజ్, ఈ బీమా దాన్ని చెడగొడుతుందన్నాడు. మన మజ్లిసుల్లో కూడా ఈ తఖ్రీర్ చాలాసార్లు విన్నాం. రివాజ్ అందంగా ఉందని చెప్పేవాళ్లలో రాత్రిళ్లు దుప్పట్లు మార్చినవాళ్లు ఎంతమందో నాకెప్పుడూ అంతుపట్టదు. ఆ ఒత్తిడికి హుకూమత్ కొంచెం వంగింది. 65 దాటిన వాళ్ల దగ్గర మొదటి ఆరు నెలలు ప్రీమియం తీసుకోలేదు, తర్వాతి ఏడాది సగమే తీసుకుంది. కానీ బీమా ఆగలేదు.

అది ఎలా నడుస్తుందో క్లుప్తంగా చెబుతాను. 40 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ చందా కట్టాల్సిందే. మొత్తం ఖర్చులో సగం ఆ చందాలది, మిగతా సగం కేంద్ర, జిల్లా, మునిసిపల్ ఖజానాలది. బుజుర్గుకు చేయూత కావాలంటే మునిసిపాలిటీకి దర్ఖాస్త్ పెట్టాలి. ఒకరు ఇంటికొచ్చి అన్నీ అడిగి చూస్తారు, డాక్టర్ రాయ్ తీసుకుంటారు, కమిటీ కూర్చుని ఎంత అవసరమో దర్జా తేలుస్తుంది. ఇప్పుడు ఏడు దర్జాలున్నాయి. దర్జాను బట్టి నెలకు ఇంత అని హద్దు. ఆ హద్దులో స్నానం చేయించే మనిషి, పగటి పూట కేంద్రం, కొన్నాళ్లు ఉంచుకునే చోటు, ఏదైనా ఎంచుకోవచ్చు. ఖర్చులో పదో వంతు ఇంటివాళ్లు కట్టాలి, ఆమ్దనీ ఎక్కువున్న వాళ్లయితే రెండు మూడు వంతులు. ఖైరాత్ కాదు, హఖ్. ఈ తేడా వల్లే ఇజ్జత్ బాధ తగ్గింది. ఇంటి ముందు డే కేర్ వ్యాన్ ఆగితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని భయపడేవాళ్లు, కొన్నేళ్లకు వ్యాన్ ఆలస్యమైతే ఫోన్ చేసి తగాదా పెట్టుకునేంత మారారు.

ఇదంతా జన్నత్ కథలా వినిపిస్తే, అక్కడితో ఆగడం ఖియానత్ అవుతుంది. 2000లో ఈ బీమా మొత్తం ఖర్చు 3.6 లక్షల కోట్ల యెన్లు. ఇప్పుడు 11 లక్షల కోట్లు దాటింది. 65 దాటిన వాళ్లు కట్టే చందా దేశ సగటున నెలకు 2,911 యెన్ల నుంచి 6,225కి చేరింది. పెన్షన్ మీదే బతికేవాళ్లకు అది బరువే. పనిచేసే మనుషులు దొరకడం లేదు, ఎందుకంటే ఆ పనికి జీతాలు తక్కువ. బుజుర్గుల్ని చూసుకోవడానికి ఏటా లక్ష మంది దాకా ఉద్యోగాలు వదులుతూనే ఉన్నారు. 2006 ఫిబ్రవరిలో క్యోటోలో ఒక నది ఒడ్డున 54 ఏళ్ల కొడుకు, మతి తప్పిన 86 ఏళ్ల తల్లిని చంపి తానూ చావబోయాడు. ఆమెను చూసుకోవడానికి ఉద్యోగం వదిలాడు, సాయం కోసం దఫ్తర్ల చుట్టూ తిరిగాడు, దొరకలేదు, అద్దె కట్టే తాహత్ కూడా పోయింది. అదాలత్ అతనికి శిక్షను నిలిపివేసింది. ఇక్కడ విచారణ ఇతనిది ఒక్కడిదే కాదు, సంరక్షణ బీమాదీ సంక్షేమ దఫ్తర్లదీ కూడా అన్న అర్థంలో జడ్జి మాట్లాడాడు. అప్పటికి బీమా వచ్చి ఆరేళ్లు. దర్ఖాస్త్ పెట్టడం, పదో వంతు కట్టడం చేతకాని ఇంటికి హఖ్ కాగితం మీదే మిగిలింది.

పేరు సంగతి కూడా చెప్పాలి. జపనీస్‌లో ఈ బీమారీని "చిహో" అనేవారు. అర్థం, బుద్ధిలేమి. మన "సఠియా గయే" కన్నా మొరటు మాట. అలా పిలిపించుకోవడానికి ఎవరు డాక్టర్ దగ్గరకు వెళతారు? 2004 డిసెంబర్‌లో హుకూమత్ ఆ పేరు మార్చి "నిన్‌చిషో" అంది. గ్రహణశక్తికి సంబంధించిన జబ్బు అని. మరుసటి ఏడు మామూలు జనానికి గంటన్నర క్లాసులు మొదలయ్యాయి. బ్యాంకు గుమాస్తాలు, దుకాణదార్లు, బస్ డ్రైవర్లు, బడిపిల్లలు వచ్చేవాళ్లు. దారి తప్పిన బుజుర్గు కనబడితే వెనక నుంచి పిలవొద్దు, ఎదురుగా వెళ్లి నిదానంగా మాట్లాడు, ఒకరే వెళ్లు, ఇలాంటివే నేర్పేది. పూర్తి చేస్తే చేతికి నారింజ రంగు పట్టీ. ఇప్పటికి కోటిన్నర మంది దాకా ఆ క్లాసులో కూర్చున్నారు. ఒముతా అని ఫుకువొకా జిల్లాలో ఒక పాత బొగ్గుగనుల షహర్. గని 1997లో మూతపడింది, జవాన్లు వెళ్లిపోయారు, ముసలివాళ్లు మిగిలారు. అక్కడ 2004 నుంచి ఏటా తప్పిపోయిన బుజుర్గును వెతికే కసరత్తు చేస్తారు. ఒకరు తప్పిపోయినట్టు తిరుగుతారు, షహరంతా వెతుకుతుంది. 2023లో జపాన్ పోలీసులకు అందిన ఇలాంటి గుమ్‌షుదా ఫిర్యాదులు 19,039. కసరత్తు ఊరికే చేయడం లేదు.

ఇక ఆఖరి ముఖద్దమా. 2007 డిసెంబర్‌లో నగోయా దగ్గర ఒబు అనే ఊళ్లో 91 ఏళ్ల ముసలాయన ఇంట్లోంచి బయటికి నడిచాడు. భార్యకు 85, ఆమే ఇంకొకరి సాయం మీద బతుకుతోంది. రాత్రీ పగలూ కాపలా కాసీ కాసీ ఆ సమయంలో కాసేపు కన్ను మూతపడింది. మామను చూసుకోవడానికే పెద్ద కోడలు యొకొహామా వదిలి ఆ ఊరు వచ్చి ఉంటోంది. ఆమె వెనక గదిలో ఏదో పనిలో ఉంది. ఆయన రైల్వే పట్టాల మీదికి వెళ్లాడు, రైలు కొట్టింది. రైళ్లు ఆగిపోయి నష్టం వచ్చిందని జేఆర్ తోకాయ్ కంపెనీ ఆ కుటుంబం మీద 72 లక్షల యెన్లకు దావా వేసింది. 2013లో కింది కోర్టు ముసలి భార్య, పెద్ద కొడుకు మొత్తం కట్టాలంది. 2014లో హైకోర్టు భార్య సగం కట్టాలంది. దేశమంతా దిగ్భ్రాంతి. ఆమె తప్పు ఏమిటి, కునుకు తీయడమా? గదికి తాళం వేసి మంచానికి కట్టేసి ఉంటే జుర్మానా తప్పేదా? కుటుంబాల అంజుమన్ గట్టిగా గొంతు విప్పింది. 2016 మార్చి 1న సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చింది: భార్య అయినందుకో పెద్ద కొడుకు అయినందుకో బాధ్యత దానంతటదే మీద పడదు, ఈ కుటుంబం పైసా కట్టనక్కర్లేదు.

ఆ ఫైసలాతో కుటుంబం బతికింది. కానీ నష్టం జరిగితే ఎవరు భరించాలన్నది తేలలేదు. దాన్ని షహర్‌లు తేల్చుకోవడం మొదలుపెట్టాయి. యమాతో అనే షహర్ 2017లో తన ఊరి డిమెన్షియా బుజుర్గుల పేరున తానే బీమా కట్టింది. కోబె ఇంకో అడుగు వేసింది. 2019 నుంచి అక్కడ 65 దాటిన వాళ్లకు ఈ బీమారీ పరీక్షలు ముఫ్త్. బీమారీ ఉన్నట్టు తేలినవాళ్ల వల్ల ఏదైనా ప్రమాదం జరిగితే 20 కోట్ల యెన్ల దాకా షహర్ బీమాయే పరిహారం కడుతుంది. దీనికి పైసలెక్కడివి? పన్ను కట్టే ప్రతి నివాసి మీద ఏడాదికి అదనంగా 400 యెన్లు. మన లెక్కలో రెండు వందల రూపాయల పైచిలుకు. ఏడాదికి!

కోబె పేరు వినగానే మనలో కొందరికి ఇంకోటి గుర్తొస్తుంది. జపాన్‌లో మొదటి మస్జిద్ అక్కడే, 1935లో, హిందుస్తానీ ముస్లిం తాజిర్ల చందాలతో, తాతార్ ముహాజిర్ల తోడుతో లేచింది. 1945 బాంబుల్లో, 1995 జల్జలాలో షహర్ కూలినా అది నిలిచింది. ఆ మస్జిద్‌లో జుమా చదివే కోబె వాసి కూడా పన్ను పరిధిలో ఉంటే ఆ 400 యెన్లు కడుతున్నాడన్నమాట.

మన హాలత్ ఏమిటి? దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం ప్రకారం అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. షహర్ల కన్నా పల్లెల్లో, మర్దుల కన్నా ఔరతుల్లో ఎక్కువ. కేరళలో 1992లోనే కుటుంబాలూ డాక్టర్లూ కలిసి ఏఆర్‌డీఎస్ఐ సంస్థ పెట్టుకున్నారు. దాని శాఖ హైదరాబాద్‌లోనూ ఉంది, మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ట్రిబ్యునల్‌కు వెళితే నెలకు పది వేల దాకా పిల్లల చేత ఇప్పిస్తుంది. అంటే కానూన్ మొత్తం బరువును ఇంటి మీదే పెట్టింది. 2024 అక్టోబర్ నుంచి 70 దాటిన వాళ్లందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది, మంచిదే. కానీ అది దవాఖానాలో చేరితేనే. రాత్రి కాపలాకు, డైపర్లకు, స్నానం చేయించే మనిషికి అందులో చోటు లేదు. జపాన్ 1973లో పడ్డ గుంట ఇదే. దవాఖానాకు పైసలున్నాయి, ఇంటికి లేవు.

జపాన్ బీమాను ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టలేం. మనలో ఎక్కువమందికి జీతం చీటీయే ఉండదు, చందా ఎక్కడ కోస్తారు? కానీ సవౌచి గరీబ్ గ్రామమే, ఒముతా మూతపడ్డ గనుల ఊరే. రిపోర్టర్‌గా చాలా మస్జిద్ కమిటీల, బైతుల్‌మాల్‌ల హిసాబ్ రిజిస్టర్లు చూశాను. బైపాస్ ఆపరేషన్, డయాలసిస్, బేటీ నికాహ్, స్కూల్ ఫీజు. అన్నిటికీ ఒక బిల్లు ఉంటుంది, ఒక తారీఖు ఉంటుంది, కమిటీ ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంటుంది. మరుపుకు బిల్లు రాదు. ఎనిమిదేళ్లుగా అత్తకు స్నానం చేయిస్తున్న బహూ ఏ కాగితం పట్టుకుని కమిటీ ముందుకు వెళ్లాలి? వెళితే "అది నీ ఫర్జ్ కదా బేటీ" అంటారు. ఉలమాల్లో చాలామంది అత్తమామల ఖిద్మత్ కోడలి ఎహసాన్ తప్ప ఆమె మీద షరయీ ఫర్జ్ కాదంటారు, ఫర్జ్ అయితే కొడుకుదేనంటారు. ఈ మస్‌అలా జుమా ఖుత్బాల్లో ఎందుకో ఎక్కువగా వినబడదు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో, ఊరు పేరు వద్దు, ముగ్గురు అన్నదమ్ములు. అమ్మీకి ఐదేళ్లుగా ఈ బీమారీ. అమ్మీ రెండోవాడి ఇంట్లో ఉంటుంది, మిగతా ఇద్దరూ నెలనెలా దవాల పైసలు పంపి తమ వంతు అయిపోయిందనుకునేవారు. గత రమజాన్‌కు ముందు రెండో బహూ పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకుని, నెల రోజుల పాటు ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేశారో రాసింది. తగాదా పెట్టలేదు, రాసింది అంతే. ఈద్ రోజు అందరూ కూర్చున్నప్పుడు ఆ నోట్‌బుక్ దస్తర్‌ఖాన్ మీదికొచ్చింది. ఇప్పుడు పగటి పూట ఒక మనిషిని పెట్టుకున్నారు, జీతం ముగ్గురూ పంచుకుంటున్నారు. ఆడబిడ్డ జుమా, హఫ్తా రోజులు వచ్చి ఉంటోంది. బహూ మళ్లీ మిషన్ దగ్గర కూర్చుంటోంది. రాత్రి పూట సంగతి ఇంకా తేలలేదు.